హీటింగ్ గోల తగ్గాలంటే: ముందు చప్పుడు ఎప్పుడొస్తోందో చూడండి

హీటింగ్ చప్పుడు చేస్తోంది అని ఊరికే అంటే ఎంత అనుభవమున్న మెకానిక్ అయినా ఏమీ చెప్పలేడు. ఆన్ చేసిన కాసేపటికి మొదలై అరగంటలో ఆగిపోతోందా, నడిచినంతసేపూ ఒకటే రొదా, ఆఫ్ చేశాక కూడా గోడలో టక్కుటక్కుమంటోందా, ఇది చెబితే సగం విషయం అక్కడే తేలిపోతుంది. చాలామంది చప్పుడు ఎలా ఉందో వర్ణించడానికి తంటాలు పడతారు గానీ ఎప్పుడొస్తోందో పట్టించుకోరు. నన్నడిగితే టైమే ముఖ్యం. ఎందుకంటే చప్పుడు పైపుల వెంట ఎక్కడికంటే అక్కడికి పాకుతుంది, హీటింగ్ నీళ్లని తిప్పే పంపు వంటగది పక్కన గుయ్యిమంటుంటే అది పైన పడగ్గదిని వేడిచేసే రేడియేటర్లోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది, ఆ రేడియేటర్ని ఎన్నిసార్లు విప్పి బిగించినా ఏమీ మారదు.

ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా బాయిలర్‌లో నీళ్లు కాగి, పైపుల్లోంచి గదుల్లోని రేడియేటర్లకి వెళ్లి, చల్లబడి మళ్లీ బాయిలర్‌కే తిరిగొచ్చే రకం హీటింగ్ గురించి. వేడిగాలి డక్టుల రకం, పాత ఆవిరి రకం గురించి చివర్లో కొంచెం చెబుతాను.

ముందుగా ముట్టుకోకూడనివి

బాయిలర్ డబ్బా మూత మీరు విప్పొద్దు. గ్యాస్ బాయిలర్లో చాలా మోడళ్లకి ఆ మూతే సీలు కూడా, అది సరిగ్గా కూర్చోకపోతే మండిన గ్యాస్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. బాయిలర్ వెలిగేటప్పుడు ధబ్‌మని పేలినట్టు చప్పుడొస్తుంటే గ్యాస్ కాస్త పోగుపడ్డాక ఆలస్యంగా అంటుకుంటోందని అర్థం. అలాంటప్పుడు ఆఫ్ చేసి లైసెన్సున్న టెక్నీషియన్ని పిలవడమే, ఇంకో ఆలోచన వద్దు. డబ్బా చుట్టూ మసి కనిపించినా, హీటింగ్ నడుస్తున్నప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉన్నా అంతే: ఆఫ్ చేసి, కిటికీలు తీసి బయటికి రండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు వేయడం, తీయడం కూడా చేయకుండా బయటికి వెళ్లి అక్కడినుంచి ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంట్లో లేకపోతే ఈ గైడు సంగతి తర్వాత, ముందు అది పెట్టించుకోండి.

మిగతావన్నీ, అంటే రేడియేటర్లు, వాటి వాల్వులు, బయటికి కనిపించే పైపులు, బాయిలర్ ముందున్న నాబ్‌లు, కొత్తవాళ్లు కూడా నిదానంగా చూసుకోగలిగినవే.

వినడం

ఒక సాయంత్రం హీటింగ్ ఆపేసి అంతా పూర్తిగా చల్లారనివ్వండి. టీవీ, ఫ్రిజ్ ఉన్న గది తలుపులు మూసేసి హీటింగ్ ఆన్ చేసి ఇల్లంతా తిరగండి. మొదటి పావుగంట, అంటే వేడెక్కేటప్పుడు వచ్చే చప్పుళ్లు దాదాపు అన్నీ లోహం సాగడం వల్ల వచ్చేవి. ఆన్ చేయగానే గుడగుడలాడి ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు గలగలమంటుంటే లోపల గాలి ఉంది. సమంగా ఒకటే గుయ్యిమనే రొద ఐతే పంపు, సుయ్యిమనే ఈల ఐతే ఏదో వాల్వు దగ్గర నీళ్లు ఇరుకులోంచి దూసుకెళ్తున్నాయి. బాగా వేడెక్కాక బాయిలర్లోంచి మాత్రమే గరగర, సలసల వస్తుంటే లోపల పేరుకున్నది ఏదో ఉంది.

ఎక్కడినుంచో తేల్చుకోడానికి పాత మెకానిక్కుల పద్ధతి ఒకటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొస పైపుకో పంపుకో ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకి నొక్కిపెట్టండి, చప్పుడు పుట్టేచోట ఒక్కసారిగా గట్టిగా వినిపిస్తుంది, అక్కణ్ణుంచి దూరం జరిగేకొద్దీ తగ్గుతుంది. కరెంటు వైర్లున్న చోట మాత్రం వద్దు. ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి, ఎప్పుడు రికార్డు చేశారో రాసుకోండి, రేపు మెకానిక్ వచ్చినప్పుడు చప్పుడు ఎటూ రాదు కాబట్టి అదే సాక్ష్యం.

గుడగుడ: గాలి తీయడం

కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఖర్చు లేదు, తప్పు జరిగినా సరిచేసుకోవచ్చు, చాలా ఇళ్లలో సగం గోల దీంతోనే పోతుంది. రేడియేటర్ పైభాగం చల్లగా, కింది భాగం వేడిగా ఉంటే లోపల గాలి చేరిందని ఖాయం. దీనికి తిరగబడ్డ కేసు, అంటే పైన వేడిగా ఉండి కింద మధ్యలో చల్లగా ఉంటే, అది గాలి కాదు, అడుగున బురద పేరుకుంది. ఆ సంగతి తర్వాత.

కావలసినవి: రేడియేటర్ కీ (చిన్న చదరపు రంధ్రం ఉన్నది, కొన్ని కొత్త రేడియేటర్లకి మామూలు స్క్రూడ్రైవర్ చాలు), పాత గుడ్డ, ఒక గ్లాసో గిన్నో. హీటింగ్ ఆపేసి, రేడియేటర్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారే వరకు ఆగండి. తొందరపడి పంపు తిరుగుతుండగా తీస్తే కొన్ని ఇళ్లలో గాలి బయటికి రావడానికి బదులు లోపలికి పోతుంది, పైగా కాగిన నీళ్లు చేతి మీద చిందుతాయి. కింది అంతస్తులో మొదలుపెట్టి పైకి వెళ్లండి.

రేడియేటర్ పైమూలలో ఒక పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. గుడ్డని దాని కింద, వెనక గోడకి కూడా తగిలేలా పట్టుకుని కీని ఎడమవైపు పావు చుట్టు తిప్పండి, మహా ఐతే అర చుట్టు. బుస్సుమని గాలి వస్తుంది, కాసేపటికి ఆ బుస్సు తడిగా మారి తుంపర్లు పడతాయి, గాలీ నీళ్లూ కలిసి చిటపటమంటాయి, తర్వాత సన్నటి ధార ఆగకుండా కారుతుంది. ధార వచ్చిందంటే పని అయిపోయింది, మూసేయండి. చాలాచోట్ల ఆ స్క్రూ ఇత్తడిది, బలంగా బిగిస్తే మర అరిగిపోతుంది, కారడం ఆగేంతవరకే బిగించండి. పూర్తిగా విప్పడం మాత్రం ఎప్పుడూ వద్దు, ఒత్తిడితో నీళ్లు తన్నుకొస్తుంటే ఆ చిన్న స్క్రూని మళ్లీ రంధ్రంలో పెట్టడం ఎవరి తరమూ కాదు. బయటికొచ్చే నీళ్లు నల్లగా ఉండొచ్చు, ఆ మరక కార్పెట్ మీద పడితే పోదు, అందుకే గుడ్డ ముందే పట్టుకోమన్నది.

ఇంకో మాట. ఆ బుస్సుమనేది ఎప్పుడూ మామూలు గాలే అనుకోవద్దు. లోపల ఉక్కు తుప్పు పడుతున్నప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది మండే వాయువు. కాబట్టి సిగరెట్టు, కొవ్వొత్తి, లైటర్ దగ్గరకి రానివ్వొద్దు.

బాత్రూమ్‌లో తువ్వాళ్లు ఆరేసుకునే రేడియేటర్ని, అటక మీద పైపుల్లో అన్నిటికంటే ఎత్తైన చోట ఉండే చిన్న గాలి వాల్వునీ మర్చిపోతుంటారు. అన్ని రేడియేటర్లలో గాలి తీసినా గుడగుడ పోలేదంటే అక్కడ చూడండి.

గాలి తీశాక లోపల ఒత్తిడి తగ్గుతుంది. బాయిలర్ మీద గడియారం లాంటి ప్రెషర్ గేజ్ ఉంటే, అంతా చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. చాలా ఇళ్లకి ఇదే సరిపోతుంది, మీ బాయిలర్ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. తగ్గితే నీళ్లు నింపే పైపు వాల్వుని కొంచెం కొంచెంగా తెరిచి ముల్లు పైకి రాగానే గట్టిగా మూసేయండి. ఆ పైపుకి రెండు చివరలా వాల్వులుంటే రెండూ మూయాలి. తెరిచి వదిలేస్తే ఒత్తిడి పెరుగుతూ పోయి, మామూలుగా 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుని బయటి గోడ పక్కనుంచి నీళ్లు కారతాయి. గేజ్ లేకుండా అటక మీద చిన్న ట్యాంకుంటే మీది తెరిచి ఉండే పాత పద్ధతి. నీళ్లు వాటంతటవే నిండుతాయి, ట్యాంకు ఎండిపోలేదనీ, అందులో తేలే బంతి ఇరుక్కోలేదనీ చూసుకుంటే చాలు. ఆ బంతి ఇరుక్కుని ట్యాంకు ఖాళీ ఐతే పైపుల్లోకి గాలి పోతూనే ఉంటుంది, మీరు తీస్తూనే ఉంటారు.

గాలి ఒకసారి తీసి నెలల తరబడి మర్చిపోవడం మామూలే. రెండు మూడు వారాలకోసారి మళ్లీ మళ్లీ తీయాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకుంది, లేదా లోపల తుప్పు పడుతోంది. గేజ్ పడిపోయినప్పుడల్లా నీళ్లు నింపుకుంటూ పోవడం చాలామంది చేసే పనే గానీ అది మందు కాదు. కొత్త నీళ్లతోపాటు కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది, దాంతో ఇంకా తుప్పు, ఇంకా వాయువు, ఇంకా గుడగుడ. వాల్వుల మొదళ్లలో ఆకుపచ్చటి, తెల్లటి చారలున్నాయేమో చూడండి, చిన్న లీకులు అక్కడే బయటపడతాయి. అలాగే చల్లగా ఉన్నప్పుడు 1 బార్ దగ్గరున్న ముల్లు వేడెక్కేసరికి 3 దగ్గరికి పరిగెడుతుంటే నీళ్లు సాగడానికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో గాలి పోయిందన్నమాట, అది టెక్నీషియన్ పని.

టక్కుటక్కు: పైపులు సాగడం

రాత్రిపూట ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, నిజానికి ప్రమాదం ఏమాత్రం లేనిదీ ఇదే. రాగి పైపు మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకి దాదాపు 0.017 మి.మీ. సాగుతుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ నేల చెక్కల కింద 10 మీటర్ల పైపు 20 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకి వేడెక్కితే అది 8.5 మి.మీ. పొడవు పెరుగుతుంది. ఆ పైపు చెక్క దూలంలో చెక్కిన గాడిలో బిగుసుకుని ఉందనుకోండి, సజావుగా జారలేదు, బిగబట్టి బిగబట్టి ఒక్కసారి టక్కుమని జరుగుతుంది, మళ్లీ బిగబడుతుంది. చల్లారేటప్పుడు వెనక్కి అదే వరస. ప్లాస్టిక్ పైపు రాగి కంటే చాలా రెట్లు ఎక్కువ సాగుతుంది గానీ మెత్తన కాబట్టి వంగి సర్దుకుంటుంది, దాని చప్పుడు ఎక్కువగా క్లిప్పుల దగ్గరే.

నేల తవ్వే ముందు చేయాల్సిన పని ఒకటుంది, బాయిలర్ నీళ్ల వేడి తగ్గించడం. చాలా బాయిలర్లు 75, 80 డిగ్రీల దగ్గర పెట్టి వదిలేసి ఉంటాయి. దాన్ని 60కి దించి రెండు రోజులు చూడండి. పైపు సాగేది తగ్గుతుంది, టక్కుటక్కు ఆ మేరకు తగ్గుతుంది, కొన్ని ఇళ్లలో పూర్తిగా ఆగిపోతుంది. గదులు వేడెక్కడానికి ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది, అది ఒప్పుకోవాలి. కండెన్సింగ్ బాయిలర్ ఐతే ఇంకో లాభం కూడా ఉంది, తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే తక్కువ ఉన్నప్పుడే అది పొగలోని ఆవిరి వేడిని కూడా లాక్కుని పొదుపుగా నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: స్నానానికి వేడినీళ్లు పెద్ద సిలిండర్లో నిల్వ ఉండే ఇల్లైతే ఆ నీళ్లు 60 డిగ్రీలకి చేరాల్సిందే, లేకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంది. అలాంటి ఇంట్లో బాయిలర్‌ని 65 కంటే కిందికి దించొద్దు. కుళాయి తిప్పితే అప్పటికప్పుడు నీళ్లు కాచే బాయిలర్లకి హీటింగ్ నాబ్ వేరు, కుళాయి నీళ్ల నాబ్ వేరు. రేడియేటర్ బొమ్మ ఉన్నదాన్ని మాత్రమే తిప్పండి.

దాంతో తీరకపోతే పైపు ఎక్కడ రాసుకుంటోందో వెతకాలి. ముందు కళ్లకి కనిపించేవి చూడండి: పైపు నేలలోకి దిగే రంధ్రం, గోడలోంచి దూరే చోటు, పైపుని గోడకి పట్టి ఉంచిన క్లిప్పులు. లోహపు క్లిప్పు బిగుతుగా ఉంటే తీసి ప్లాస్టిక్‌ది వేయండి. రంధ్రం దగ్గర పైపు ఒక పక్కకి నొక్కుకుని ఉంటే ఆ సందులో ఫెల్ట్ ముక్కో, పైపులకి తొడిగే ఫోమ్ ముక్కో దూర్చండి. గట్టిగా కుక్కొద్దు, పైపు జారడానికి చోటుండాలి, మనకి కావలసింది అదే. కొన్నిసార్లు పైపు కాదు, రేడియేటరే గోడకున్న కొక్కేల మీద సాగుతూ కిర్రుమంటుంది. కొక్కేనికీ రేడియేటర్‌కీ మధ్య పలచటి ప్లాస్టిక్ ముక్క జొనిపితే ఆగుతుంది. దానికోసం రేడియేటర్ని వెంట్రుకవాసి ఎత్తాలి తప్ప అంతకంటే లేపితే వాల్వుల దగ్గర అతుకు కదిలి నీళ్లు కారతాయి.

నేల చెక్కలు ఎత్తాల్సి వస్తే వాటికింద కరెంటు వైర్లు కూడా ఉంటాయని గుర్తుపెట్టుకోండి. గాడిలో పైపు కింద ఫెల్ట్ పరిచి, చెక్కని మళ్లీ బిగించేటప్పుడు మేకు పైపులోకి దిగకుండా చూసుకుంటే చాలు. ఇది చేయడం తేలికే, ఏ చెక్క ఎత్తాలో తేల్చుకోవడమే కష్టం. వేడెక్కేటప్పుడు ఆ గదిలో నేల మీద అరచేయి ఆనించి కూర్చోండి, టక్కుమన్నప్పుడల్లా చేతికి ఎక్కడ గట్టిగా తెలుస్తోందో అక్కడ.

గుయ్యి, సుయ్యి, దడదడ: నీళ్ల వేగం

గాలి తీశారు, వేడి తగ్గించారు, ఐనా ఒకటే రొద. అప్పుడు పంపు వైపు చూడాలి. పాత పంపుల మీద 1, 2, 3 అని స్పీడు మీట ఉంటుంది. బిగించినవాళ్లు ఎందుకైనా మంచిదని 3 మీద పెట్టి వెళ్లిపోతారు, చాలా ఇళ్లకి అంత అక్కర్లేదు. ఒక మెట్టు దించి ఒక రోజు నడపండి. అన్నిటికంటే దూరంగా ఉన్న రేడియేటర్ ఇదివరకటిలాగే వేడెక్కుతుంటే అక్కడే ఉంచేయండి, వేడెక్కకపోతే మళ్లీ పైకి. కొత్త ఎలక్ట్రానిక్ పంపులు అవసరాన్ని బట్టి తమంతట తామే వేగం మార్చుకుంటాయి, వాటి బటన్లు పుస్తకం చూడకుండా నొక్కొద్దు. పంపు బాయిలర్ లోపలే ఉంటే అది మన పరిధిలో లేదు.

పంపు తిరగడం మామూలుగానే ఉండి, దాని పైపు మాత్రం చెక్క దూలానికి గట్టిగా బిగించి ఉంటే ఆ దూలం మొత్తం తంబురా లాగా మోగుతుంది. క్లిప్పుకీ పైపుకీ మధ్య రబ్బరు పెట్టినా, క్లిప్పుని కొంచెం వదులు చేసినా తేడా వెంటనే తెలుస్తుంది. అదే గుయ్యి కాకుండా రాళ్లు నూరినట్టు గరగరమంటే పంపు బేరింగులు అరిగాయి, మార్చాల్సిందే. వేసవిలో నెలల తరబడి ఆపేసిన పంపు పట్టేసి మూలుగుతూ ఉండిపోవడం కూడా మామూలే, అందుకే ఎండాకాలంలో కూడా నెలకోసారి కొన్ని నిమిషాలు హీటింగ్ ఆన్ చేయడం మంచిది.

సుయ్యిమనే ఈల ఎక్కువగా అంకెలున్న థర్మోస్టాటిక్ వాల్వు దగ్గర వస్తుంది. గది వేడెక్కి ఆ వాల్వు మూసుకోబోతున్నప్పుడు సన్నటి సందులోంచి నీళ్లు దూసుకెళ్తాయి. పరీక్ష సులభం: నాబ్‌ని చివరి అంకె దాకా తెరవండి, ఈల ఆగితే దోషి అదే. ఈలకి బదులు ఎవరో సుత్తితో కొట్టినట్టు దడదడమంటుంటే పాత వాల్వుని తిరగేసి బిగించి ఉండొచ్చు. పాత రకాలు నీళ్లు ఒకే దిక్కున పోవడానికి చేసినవి, వాటి మీద బాణం గుర్తు ఉంటుంది. బాయిలర్ నుంచి వచ్చే వేడి పైపు ఏదో ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో చేత్తో తాకి తెలుసుకుని, బాణం నీళ్లు పోయే దిక్కునే ఉందో లేదో చూడండి. ఎదురుగా ఉంటే రెండు వైపులా పనిచేసే కొత్త వాల్వు వేయించుకోవడం మేలు. అంతవరకు దాన్ని పూర్తిగా తెరిచి ఉంచితే చప్పుడు రాదు.

అన్ని గదుల్లో వాల్వులు మూసుకున్నప్పుడు మాత్రమే చప్పుళ్లు పెరుగుతున్నాయంటే నీళ్లు పోవడానికి దారి లేదు. ఒక రేడియేటర్ని, సాధారణంగా గది థర్మోస్టాట్ ఉన్న గదిలోదాన్ని, ఎప్పుడూ తెరిచే ఉంచండి. కొన్ని ఇళ్లలో దీనికోసమే ఒత్తిడి పెరిగితే తెరుచుకునే బైపాస్ వాల్వు ఉంటుంది, దాన్ని సరిచేయడం మెకానిక్‌కి వదిలేయండి.

ఇక బ్యాలెన్సింగ్, అంటే అన్ని రేడియేటర్లకీ నీళ్లు సరిగ్గా పంచడం. పేరు వినగానే భయపడతారు గానీ ఇందులో కావలసింది ఓపిక మాత్రమే. రేడియేటర్ రెండో చివర ప్లాస్టిక్ మూత కింద ఉండేది లాక్‌షీల్డ్ వాల్వు, అందులోంచి నీళ్లు ఎంత పోవాలో దాంతో కొలత పెడతారు. బాయిలర్‌కి దగ్గరున్న రేడియేటర్ నీళ్లన్నీ తనే లాక్కుంటుంటే అక్కడ హోరు, దూరపు గదిలో చలి. ముందుగా ప్రతి లాక్‌షీల్డునీ మూసేవరకు తిప్పి ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకుని, మళ్లీ అన్ని చుట్లే తెరవండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి ఆ కాగితమే దారి. తర్వాత చల్లటి ఇంట్లో అన్నీ తెరిచి హీటింగ్ వేసి ఏ రేడియేటర్ ముందు వేడెక్కుతోందో, ఏది చివరనో వరస రాయండి. అందరికంటే ముందు వేడెక్కినదాన్ని పూర్తిగా మూసి పావు చుట్టు మాత్రం తెరవండి, ఆ తర్వాతి దాన్ని కొంచెం ఎక్కువ, అలా పోతూ చివరిదాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి. థర్మామీటరుంటే రేడియేటర్లోకి వెళ్లే పైపుకీ బయటికొచ్చే పైపుకీ మధ్య తేడా అన్నిచోట్లా దగ్గరదగ్గరగా ఉందో లేదో చూడండి. పాత బాయిలర్లకి అది 10, 12 డిగ్రీలు, కండెన్సింగ్ వాటికి 20 దాకా. ఒక మార్పు చేశాక రేడియేటర్ సర్దుకోవడానికి టైమివ్వండి. ఒకేసారి నాలుగు తిప్పేస్తే దేనివల్ల ఏం మారిందో బ్రహ్మకి కూడా తెలియదు.

బాయిలర్లో సలసల

పొయ్యి మీద నీళ్లు మరగబోయే ముందు వచ్చే లాంటి గరగర బాయిలర్లోంచి వస్తుంటే లోపల జరిగేది కూడా నిజంగా అదే. ఉప్పునీళ్ల ప్రాంతాల్లో సున్నం, పాత ఇళ్లలో నల్లటి తుప్పు బురద హీట్ ఎక్స్‌చేంజర్ (మంట వేడిని నీళ్లకి అందించే భాగం) గోడలకి పట్టుకుంటాయి. ఆ పొర కింద వేడి నీళ్లలోకి త్వరగా పోలేక అక్కడక్కడ చిన్న బుడగలు మరిగి పగిలిపోతుంటాయి. నీళ్లు నెమ్మదిగా ప్రవహిస్తున్నా ఇదే గతి. కాబట్టి మీరు చూడగలిగినవి ముందు చూడండి: ఒత్తిడి సరిపడా ఉందా, పంపు తిరుగుతోందా, రేడియేటర్ వాల్వులు తెరిచే ఉన్నాయా, నీళ్లలోని తుప్పుని పట్టే మాగ్నెట్ ఫిల్టర్ ఉంటే ఆఖరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు. వేడి తగ్గిస్తే చప్పుడు తగ్గుతుంది గానీ పేరుకున్నది పోదు. దాన్ని రసాయనాలతో కరిగించి కడిగించాలి, ఇందాక చెప్పిన అడుగున చల్లగా ఉండే రేడియేటర్లకీ అదే మందు. సలసలని సంవత్సరాల తరబడి పట్టించుకోకపోతే ఎక్స్‌చేంజర్ పగిలే దాకా వస్తుంది, అప్పుడు చాలామంది బాయిలరే మార్చేస్తారు.

వేడిగాలి డక్టులుంటే

ఇక్కడ మొదట చూడాల్సింది ఫిల్టరు. దుమ్ముతో మూసుకుపోతే ఫ్యాను గాలిని లాగడానికి తంటాలు పడి ఈల వేస్తుంది. నెలకోసారి తీసి చూసి, బూడిదరంగుకి తిరిగితే మార్చండి, దాని మీది బాణం ఫ్యాను వైపు ఉండాలి. ఆన్ ఐనప్పుడు, ఆగినప్పుడు డబ్‌మనేది సన్నటి రేకు డక్టు లోపలికీ బయటికీ ఉబ్బడం, ఆ రేకు మీద అడ్డంగా ఒక పట్టీ స్క్రూ చేయిస్తే ఆగుతుంది. వాడని గదుల్లో గాలి జాలీలు మూసేస్తే కరెంటు కలిసొస్తుందనుకుంటారు. ఎక్కువ మూసేసేకొద్దీ మిగతా జాలీల్లోంచి గాలి హోరెత్తుతుంది, కాబట్టి వాటిని తెరిచి చూడండి. జాలీ కొట్టుకుంటుంటే స్క్రూ బిగించడమో, వెనక సన్నటి ఫోమ్ పట్టీ అంటించడమో చేస్తే చాలు.

పాత ఆవిరి రేడియేటర్లు

ఒకే పైపుతో నడిచే ఆవిరి రేడియేటర్ ఠంగుఠంగుమని మోగుతుంటే, చల్లబడి నీళ్లైన ఆవిరి వెనక్కి పోలేక పైపులో నిలిచిపోయి, వెనకనుంచి వచ్చే ఆవిరి దాన్ని తన్నుకుపోతోందన్నమాట. దాని వాల్వుని సగం తెరిచి పెట్టొద్దు, పూర్తిగా తెరవాలి లేదా పూర్తిగా మూయాలి. తర్వాత రేడియేటర్ మీద లెవెల్ పెట్టి చూడండి, అది వాల్వు వైపుకి కొంచెం వాలి ఉండాలి. వాల్వు లేని అవతలి పక్క కాళ్ల కింద పలచటి చెక్క బిళ్లలు పెట్టి ఎత్తితే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. గాలి బయటికి పంపే చిన్న బుడ్డి కాసేపు బుసకొట్టి ఆగితే మామూలే, ఆగకుండా ఆవిరి చిమ్ముతుంటే దాన్ని మార్చాలి.

మెకానిక్‌ని పిలిచాక

ఫోన్లోని రికార్డు వినిపించండి, ఎప్పుడొస్తోందో చెప్పండి, మీరు ఇప్పటికే ఏమేం చేశారో, దేనివల్ల ఎంత తగ్గిందో చెప్పండి. అద్దె ఇల్లైతే గాలి తీయడం, నాబ్‌లు తిప్పడం వరకే ఆగి మిగతాది ఇంటి ఓనరుకి రాతపూర్వకంగా తెలియజేయండి. సిస్టమ్ కడిగించుకుంటే, నీళ్లు మళ్లీ నింపేటప్పుడు తుప్పు పట్టకుండా ఆపే ఇన్హిబిటర్ ద్రవం కలిపారా అని అడగండి, కలపకుండా వెళ్లిపోతే కడిగించిన ఫలితం ఎక్కువకాలం నిలవదు. ఏది కలిపారో, ఏ తేదీన కలిపారో బాయిలర్ మీద స్టిక్కరుపై రాసి అంటించమనండి. రేడియేటర్ మార్పించడం లాంటి పనుల కోసం తర్వాత ఎప్పుడైనా నీళ్లు తీసేసి మళ్లీ నింపితే ఆ ద్రవాన్నీ మళ్లీ కలపాలి.